మాసిడోనియా వెండి నాణేల సేకరణ: కాటాతో మొదలుపెట్టే సమగ్ర మార్గదర్శి

అలెగ్జాండర్ పేరున్న వెండి నాణెం చేతికి రాగానే అది ఆయన కాలపుదేనని మురిసిపోవడం కొత్త సేకర్తలకు సహజం. అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో కన్నుమూశాడు; ఆయన పేరుతో, అవే బొమ్మలతో నాణేలు మాత్రం ఆ తరువాత సుమారు రెండున్నర శతాబ్దాల పాటు ముద్రణలో ఉన్నాయి. నల్లసముద్రపు ఒడ్డున ఉన్న ఒడెస్సోస్, మెసెంబ్రియా పట్టణాలు క్రీ.పూ. మొదటి శతాబ్దంలో కూడా వాటిని ముద్రించాయి. పైగా ఆ పేరున్న చిన్న నాణేల్లో అధిక భాగం మాసిడోనియాలో పుట్టినవి కావు, నేటి పశ్చిమ టర్కీలోని పట్టణాల్లో పుట్టినవి. అందువల్ల ఈ సేకరణలో వెండి మెరుపూ బొమ్మ అందమూ తరువాతి సంగతులు. నాణేన్ని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు ముద్రించారన్నదే మొదటి సంగతి. ఆ విషయంలో అన్నిటికంటే ముందు సాక్ష్యం చెప్పేది తూకం. బొమ్మను చూసి మోసపోయినవారిని ఎందరినో చూశాను కాబట్టి ఈ మార్గదర్శిని కాటా దగ్గర నుంచే మొదలుపెడుతున్నాను.

మొదటి అడుగు: 0.01 గ్రాము చూపే కాటా, నాలుగు అంకెలు

కంసాలులు, వజ్రాల వ్యాపారులు వాడే జేబు కాటా చాలు. అది 0.01 గ్రాము వరకు తేడా చూపాలి. కొన్న రోజున దానితో వచ్చే తూకపు బిళ్లతో సరిచూసుకుని, ఏడాదికి ఒకటి రెండుసార్లు మళ్లీ సరిచూస్తూ ఉండాలి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, మిల్లీమీటరులో పదో వంతు కొలిచే వెర్నియర్ కాలిపర్ కూడా తెచ్చుకోండి. నాణేన్ని కొనేది ఇవి మూడూ చేతిలో ఉన్న తరువాతే.

ఇక మనసులో నాటుకోవలసిన అంకెలు నాలుగున్నాయి: 29, 10.5, 14.4, 17.2. మాసిడోనియా వెండి కథంతా దాదాపుగా ఈ నాలుగు తూకాల్లోనే ఇమిడి ఉంది.

మొదటి అలెగ్జాండర్, అంటే మహా అలెగ్జాండర్‌కు పూర్వీకుడైన రాజు, క్రీ.పూ. 479లో పర్షియన్ సేనలు గ్రీసు వదిలి వెళ్లాక తూర్పున బిసాల్టియా వెండి గనులను కైవసం చేసుకున్నాడు. ప్రాసియాస్ సరస్సు దగ్గరి గని ఒకటి అతనికి రోజుకొక టాలెంటు వెండి ఇచ్చేదని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఏథెన్స్ తూకంలో టాలెంటు అంటే సుమారు 26 కిలోలు. ఆ వెండితో ఈ రాజు ముద్రించిన పెద్ద నాణెం సుమారు 29 గ్రాములు తూగుతుంది. దాని మీద రెండు బల్లేలు పట్టుకున్న యోధుడు, అతని గుర్రం ఉంటాయి. అంతకుముందే ఆ ప్రాంతపు తెగలైన బిసాల్టాయ్, ఒరెస్కియోయ్, డెర్రోనెస్ తమ సొంత నాణేలు ముద్రించుకున్నాయి. డెర్రోనెస్ నాణేల్లో పెద్దది 40 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. ఇవన్నీ మ్యూజియాల్లో చూసి ఆనందించవలసినవే తప్ప మధ్యతరగతి సేకర్త చేతికి అందేవి కావు.

రెండో పెర్డికాస్ కాలానికి (క్రీ.పూ. 454–413) గనుల మీద పట్టు సడలడంతో పెద్ద నాణెం మాయమై చిన్న చిన్నవే మిగిలాయి. అతని తరువాత వచ్చిన ఆర్కెలావోస్ (క్రీ.పూ. 413–399) స్టేటర్ అనే 10.5 గ్రాముల నాణేన్ని ప్రవేశపెట్టాడు. అతని నాణేల్లో ఒక రకం మీద మోకాళ్ల మీద వాలిన మేక కనిపిస్తుంది. గ్రీకులో మేకను ‘అయిక్స్’ అంటారు, మాసిడోనియా పాత రాజధాని పేరు ‘అయిగాయ్’. ఆ శ్లేష అప్పటి జనానికి వెంటనే అర్థమై ఉంటుంది.

రెండో ఫిలిప్ (క్రీ.పూ. 359–336) రాకతో కథ మలుపు తిరిగింది. క్రీ.పూ. 356లో క్రెనిడెస్ పట్టణాన్ని తీసుకుని దానికి ఫిలిప్పీ అని తన పేరు పెట్టుకోవడంతో పంగాయోన్ కొండ చుట్టూ ఉన్న గనులు అతని చేతికి చిక్కాయి. అతని టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు డ్రాక్మాల నాణెం, 14.4 గ్రాములు, అది స్థానిక తూకం. కొడుకు మహా అలెగ్జాండర్ ఆ తూకాన్ని వదిలి, గుడ్లగూబ నాణేలతో మధ్యధరా ప్రాంతమంతటా చెల్లుబాటయ్యే ఏథెన్స్ తూకాన్ని ఎంచుకున్నాడు: టెట్రాడ్రాక్మ్ 17.2 గ్రాములు, డ్రాక్మా 4.3 గ్రాములు. ఒకే రాజ్యానికి పరిమితమైన డబ్బుతో దండయాత్ర సాగదన్న లెక్క అందులో ఉందని నా అభిప్రాయం. పెర్సెపొలిస్‌లో దొరికిన ఖజానా, బంగారాన్ని కూడా వెండి విలువకు మార్చి చూస్తే, 1,20,000 టాలెంట్లని ప్రాచీన రచయితలు చెప్పారు. ఏథెన్స్ తూకంలో అది 3,000 టన్నులకు పైమాటే. ఆ సంపదలో ఎంతో భాగం తరువాతి ఏళ్లలో ఈ 17.2 గ్రాముల రూపంలోనే లోకమంతా తిరిగింది.

ఈ అంకెలు ఒక చిక్కుముడిని అక్కడికక్కడే విప్పేస్తాయి. నాణెం మీద ‘ఫిలిప్పూ’ (ఫిలిప్‌ది) అని ఉందనుకుందాం. 14.4 గ్రాములు తూగితే అది రెండో ఫిలిప్ రకం. 17 గ్రాములకు పైన తూగి, బొమ్మ అలెగ్జాండర్ నాణెంలా ఉంటే, అది ఆయన సవతి సోదరుడు మూడో ఫిలిప్ అర్రిడయోస్ (క్రీ.పూ. 323–317) పేరిట ముద్రించినది. పేరొకటే అయినా ఆ ఇద్దరి మధ్య అలెగ్జాండర్ పాలన మొత్తం ఉంది.

రెండో అడుగు: హద్దు గీసుకోవడం

సేకరణకు హద్దు లేకపోతే డబ్బూ మనసూ రెండూ చెదిరిపోతాయి. క్రీ.పూ. 500 ప్రాంతం నుంచి రోమన్ల కాలం వరకు రాజుకొక నాణెం చొప్పున వరుస పేర్చాలన్న కోరిక అందరికీ కలుగుతుంది. కానీ తొలి రాజుల దగ్గరే అది ఆగిపోతుంది, ఎందుకంటే ఆ నాణేలు అరుదు, ఖరీదు. నన్నడిగితే రెండు దారులున్నాయంటాను.

ఒకటి, ఆంఫిపోలిస్ టంకశాల. స్ట్రైమోన్ నది ఒడ్డున ఉన్న ఈ పట్టణమే రాజధాని పెల్లాతో కలిసి మాసిడోనియా నాణేలకు పుట్టినిల్లు. ఇక్కడి అలెగ్జాండర్ టెట్రాడ్రాక్మ్‌లు వేల సంఖ్యలో మిగిలి ఉండటం వల్ల ఒక మోస్తరు నాణెం కొన్ని వందల డాలర్లకు దొరుకుతుంది. ఒక్కో విడతకు ఒక్కో చిన్న గుర్తు వేశారు: ఓడ ముక్కు, ఓడ వెనుక భాగం, రెండు ముఖాల తల, చుక్కాని ఇలా. గుర్తుకొక నాణెం చొప్పున పేర్చుకుంటూ పోతే ఒకే ఊరి ఖజానా ఇరవై ముప్పై ఏళ్లలో ఎలా నడిచిందో అరచేతిలో కనిపిస్తుంది.

రెండోది చిన్న నాణేల దారి. రెండో ఫిలిప్ టెట్రాడ్రాక్మ్‌లో ఐదో వంతుగా లెక్కించే, తూకంలో మాత్రం సుమారు రెండున్నర గ్రాములుండే నాణెం ఒకటుంది. ఒకవైపు జుట్టుకు పట్టీ కట్టుకున్న అపోలో, మరోవైపు గుర్రం మీద కుర్రవాడు. వీటిలో అధిక భాగం ఫిలిప్ చనిపోయిన తరువాత, క్రీ.పూ. 323–315 మధ్య, ఆంఫిపోలిస్‌లో వచ్చినవే. చివరి రాజులైన ఐదో ఫిలిప్, పెర్సియస్ల కాలంలో ఒకవైపు మాసిడోనియా డాలు, మరోవైపు శిరస్త్రాణం ఉన్న చిన్న వెండి నాణేలు కూడా ఉన్నాయి. అవి తక్కువ ధరకు వస్తాయి, ఎక్కువ పాఠాలు చెబుతాయి. మొదటి ఏడాది ఇవి చాలు.

క్రీ.పూ. మూడో శతాబ్దపు రాజు ఆంటిగోనస్ గోనాటస్ నుంచి రోమన్ల వరకు ఉన్న కాలాన్ని చాలామంది పట్టించుకోరు. నాకు ఇష్టమైన నాణేలు అక్కడే ఉన్నాయి. గోనాటస్ టెట్రాడ్రాక్మ్ మీద మాసిడోనియా డాలు నాణెమంతా నిండి ఉంటుంది, డాలు నడుమ కొమ్ముల పాన్ దేవుడి తల ఉంటుంది. పెర్సియస్ (క్రీ.పూ. 179–168) నాణెం మీద అతని ముఖం, బొరుసు వైపు ఓక్ ఆకుల దండలో పిడుగు మీద నిలబడిన గద్ద. క్రీ.పూ. 168లో పిడ్నా యుద్ధంలో అతను ఓడాక రోమన్లు రాజ్యాన్ని నాలుగు ముక్కలు చేశారు. ‘మొదటి భాగపు మాసిడోనియన్లది’ అన్న అర్థంలో గ్రీకు అక్షరాలున్న వెడల్పాటి నాణేలు ఆ విభజనకు గుర్తు. వాటి మీద డాలు నడుమ ఆర్టెమిస్, వెనుక ఓక్ దండలో గద. చివరగా, క్రీ.పూ. మొదటి శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఏసిల్లాస్ అనే రోమన్ కోశాధికారి పేరుతో వచ్చిన నాణెం: బొమ్మ వైపు జుట్టు ఎగురుతున్న అలెగ్జాండర్, బొరుసు వైపు గద, డబ్బు పెట్టె, అధికారి కుర్చీ. స్వతంత్ర రాజ్యం పోయి డెబ్బై ఏళ్లు దాటాక రోమన్ ఉద్యోగి డబ్బు పెట్టె పక్కన అలెగ్జాండర్ ముఖం వేయించడంలోని వింతను ఏ చరిత్ర పాఠమూ ఇంత సూటిగా చెప్పలేదు.

మూడో అడుగు: బొమ్మా బొరుసూ చదవడం

ఆంఫిపోలిస్‌లో ముద్రించిన ఓడ ముక్కు గుర్తు టెట్రాడ్రాక్మ్ ఒకటి అరచేతిలో ఉందనుకుని చూద్దాం. వెడల్పు సుమారు 25 మిల్లీమీటర్లు, మందం మన పాత రూపాయి బిళ్ల కన్నా బాగా ఎక్కువ. బొమ్మ వైపు కుడివైపుకు చూస్తున్న యువ హెరాక్లీస్, గ్రీకు పురాణాల వీరుడు. తల మీద సింహచర్మం తొడుక్కున్నాడు, సింహం పై దవడ నుదుటి మీదికి వచ్చి, ముందరి పాదాలు రెండూ గడ్డం కింద ముడిపడి ఉంటాయి. జూలు వరుసలు వరుసలుగా చెక్కి ఉంటుంది. చాలామంది దీన్ని అలెగ్జాండర్ ముఖమే అంటారు. నాకు మాత్రం అది నమ్మశక్యంగా లేదు. మాసిడోనియా రాజవంశం తాము హెరాక్లీస్ సంతతి అని చెప్పుకునేది, అలెగ్జాండర్ తాత మూడో అమింటాస్ నాణేల మీద కూడా హెరాక్లీస్ ఉన్నాడు, తండ్రి ఫిలిప్ చిన్న నాణేల మీద ఇదే సింహచర్మపు యువకుడున్నాడు.

బొరుసు వైపు ఎడమవైపుకు తిరిగి సింహాసనం మీద కూర్చున్న దేవతల రాజు జ్యూస్, చాచిన కుడి చేతి మీద గద్ద, ఎడమ చేతిలో రాజదండం. దండం వెనుక పై నుంచి కిందికి ‘అలెగ్జాండ్రూ’ అని గ్రీకు అక్షరాలు నిలువుగా దిగుతాయి, అంటే ‘అలెగ్జాండరుది’. జ్యూస్ ముందు ఖాళీ స్థలంలో, గద్ద కింద, ఓడ ముక్కు చిన్నగా కనిపిస్తుంది. భూతద్దం మొదట వెళ్లవలసింది అక్కడికే. టంకశాల, కాలం చెప్పేది ఆ చిన్న గుర్తే. సింహాసనం కింద కూడా కొన్నిసార్లు అక్షరాలు, పక్కన కాగడా వంటి గుర్తులు ఉంటాయి. గుడారంలా రెండు గీతలు పైన కలిసే ‘లామ్డా’ అక్షరం, దాని కింద కాగడా ఉంటే అది అలెగ్జాండర్‌ది కాదు, ఆంఫిపోలిస్‌లో కస్సాండర్ పాలన నాటిది.

గుర్తు దొరికాక దాన్ని ప్రైస్ సంఖ్యతో జత చేయాలి. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన మార్టిన్ ప్రైస్ 1991లో అలెగ్జాండర్, అర్రిడయోస్ పేర్ల నాణేలన్నిటికీ సంఖ్యలు వేసి జాబితా ప్రచురించాడు. వేలం సంస్థలన్నీ ఆ సంఖ్యలనే వాడతాయి. న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ‘పెల్లా’ అనే పేరుతో ఆ సంఖ్యలను ఫొటోలతో సహా ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. రెండో ఫిలిప్ వెండికి 1977లో వచ్చిన జార్జ్ ల రిడెర్ అధ్యయనమే ఇప్పటికీ ఆధారం.

నాణేలను చేత్తో అచ్చు కొట్టేవారు. కింద దాగలిలో బిగించిన అచ్చు బొమ్మ వైపుది, పైన సుత్తి దెబ్బ తినేది బొరుసు వైపుది. దెబ్బలు సూటిగా తగిలే పై అచ్చు తొందరగా పగిలేది, అందుకే ఒకే బొమ్మ అచ్చుతో రెండు మూడు బొరుసు అచ్చులు జతపడతాయి. ఈ జతలు చూడటం అలవాటైతే రెండు నాణేలు ఒకే టంకశాలలో దాదాపు ఒకే కాలంలో పుట్టాయని మీ అంతట మీరే తేల్చగలుగుతారు. నా లెక్కలో ఈ అభిరుచిలోని అసలు ఆనందం అదే.

నాలుగో అడుగు: ఆయన బతికుండగానా, తరువాతనా

జ్యూస్ కాళ్లు పక్కపక్కన ఉంటే అలెగ్జాండర్ కాలపుది, ఒక కాలి వెనుక ఇంకొకటి అడ్డంగా వెళ్తే తరువాతి కాలపుది అన్న సూత్రం నోటికి వచ్చినంత తేలిక. చాలా టంకశాలల విషయంలో అది కొంతవరకు నిజం కూడా. ఆంఫిపోలిస్ దగ్గర మాత్రం అది పనిచేయదు. అక్కడ ఆయన పోయిన తరువాత కూడా చాన్నాళ్లు కాళ్లు పక్కపక్కనే ఉన్నాయి. పేరుకు ముందు ‘రాజు’ అనే అర్థమిచ్చే ‘బసిలేయోస్’ చేరితే అది ఆయన జీవితపు చివరి అంచున గానీ, మరణించిన వెంటనే గానీ వచ్చినదని భావించవచ్చు.

నమ్మదగిన సాక్ష్యం నిధుల నుంచే వస్తుంది. ఈజిప్టులోని దమన్‌హూర్‌లో 1905లో సుమారు 8,000 అలెగ్జాండర్ టెట్రాడ్రాక్మ్‌ల నిధి బయటపడింది. దాన్ని క్రీ.పూ. 318 ప్రాంతంలో పాతిపెట్టారు. ఆ నిధిలో ఉన్న గుర్తులు ఆ లోపు వచ్చినవి, లేనివాటిలో అధికం ఆ తరువాతవి. నాణేల పండితుడు ఎడ్వర్డ్ న్యూవెల్ దాని ఆధారంగానే వరుసలు కట్టాడు. ఇప్పటి కాలనిర్ణయాలకు పునాది అదే. అలెగ్జాండర్ తన కొత్త వెండిని సింహాసనం ఎక్కగానే మొదలుపెట్టాడా, క్రీ.పూ. 333లో టార్సస్ చేరాక మొదలుపెట్టాడా అన్న వాదం మాత్రం ఇంకా తెగలేదు. టార్సస్‌లో అంతకుముందు పర్షియన్ పాలకులు ముద్రించిన బాల్ దేవుడి బొమ్మ ఈ జ్యూస్‌కు దగ్గరగా ఉండటం రెండో వాదానికి బలం.

వెడల్పు కూడా ఒక ఆధారం. తొలినాటి టెట్రాడ్రాక్మ్‌లు మందంగా, ఇరుకుగా ఉంటాయి. క్రీ.పూ. రెండో శతాబ్దం నాటికి అదే బొమ్మ 30 మిల్లీమీటర్లు దాటిన పలుచని బిళ్ల మీదికి వ్యాపించి, తూకం 16.5 దాకా జారింది. అమ్మేవారు అలాంటి నాణెం పక్కన ‘అలెగ్జాండర్, క్రీ.పూ. 336–323’ అని రాస్తే ఆ దుకాణం నుంచి బయటికి రావడం మంచిది.

ఐదో అడుగు: అసలుదా, నకిలీదా

నా మొదటి డ్రాక్మా నకిలీది. ఇంటర్నెట్‌లో ఒక అమ్మకందారు దగ్గర, ఫొటో చూసి, ధర తక్కువని కొన్నాను; అప్పటికి నా దగ్గర కాటా లేదు. కాటా వచ్చాక తూస్తే 3.4 గ్రాములు. 4.3 ఉండవలసిన నాణెం అరిగితే 4.1కో, మరీ అరిగితే 4కో దిగుతుంది తప్ప, బొమ్మ స్ఫుటంగా ఉండి ఐదో వంతు వెండి ఎలా పోతుంది? అంచును వెలుతురులో తిప్పి చూస్తే చుట్టూ ఆకురాయితో రాసిన సన్నని గీతలు, వాటి నడుమ రెండు పోత అచ్చులు కలిసిన అతుకు కనిపించాయి. నెల తిరక్కుండానే హెరాక్లీస్ గడ్డం కింద అదే చిన్న గుంటతో, అదే ఆకారపు అంచుతో ఇంకో ‘నాణెం’ అమ్మకానికి వచ్చింది. చేత్తో కొట్టిన రెండు నాణేల అంచులు ఒకేలా ఉండటం అసాధ్యం. అలా కనిపించాయంటే రెండూ పోతపోసినవే.

కాబట్టి తనిఖీ క్రమం ఇలా ఉంచుకోండి. మొదట తూకం. తరువాత అంచు: కొట్టిన నాణెం అంచున వెండి దెబ్బకు చీలిన సన్నని పగుళ్లు ఉంటాయి, పోత నాణెం అంచు సబ్బు బిళ్లలా నున్నగా ఉంటుంది. ఆపై ఖాళీ స్థలం: పోత నాణెం మీద భూతద్దంలో సూది మొన అంత బుడగలు కనిపిస్తాయి.

ఇక విశిష్ట సాంద్రత. బడిలో చదివిన ఆర్కిమెడిస్ సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారానికి కట్టి, గ్లాసు అడుగుకు గానీ గోడలకు గానీ తగలకుండా, పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. బుడగలు అంటుకుంటే మెల్లగా కదిపి వదిలించండి. ఇప్పుడు కాటా చూపే అంకె నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. పొడిగా 17.10 గ్రాములు తూగిన నాణేనికి 1.63 వచ్చిందనుకుందాం, 17.10ని 1.63తో భాగిస్తే 10.49, అదే స్వచ్ఛమైన వెండి సాంద్రత. ఈ నాణేల వెండి మంచి మేలిమి కాబట్టి 10.3 పైన ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. 9.4 ప్రాంతంలో ఉంటే లోపల రాగి, పైన వెండి రేకు. గ్రీకులకు కూడా ఈ మోసం తెలుసు. అలాంటి పూత నాణేలు ఆ కాలంలోనే ఉండేవి, కొందరు వాటినే ప్రత్యేకంగా సేకరిస్తారు. నాణెం మీద ఉలితో వేసిన లోతైన గాటు కనిపిస్తే భయపడనక్కరలేదు. లోపల రాగి ఉందేమోనని ఆనాటి వ్యాపారి చూసుకున్న గుర్తు అది. ధర తగ్గుతుంది, నమ్మకం పెరుగుతుంది.

అయితే మంచి వెండిని, సరైన తూకానికి, కొత్తగా చెక్కిన అచ్చుతో కొట్టిన నకిలీని ఈ పరీక్షలేవీ పట్టుకోలేవు. ఏథెన్స్‌లో క్రిస్టోడౌలోస్ అనే నేర్పరి చెక్కిన అచ్చులు 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో నిపుణులనే తికమక పెట్టాయి. అధికారులు వాటిని పట్టుకున్నాక స్వొరోనోస్ అనే పండితుడు జాబితా చేయవలసి వచ్చింది. అంతకు శతాబ్దం ముందు జర్మనీలో బెకర్ అనే అతను (1772–1830) ఇదే పని చేశాడు. ఇలాంటివాటికి మందు ఒకటే: అదే ప్రైస్ సంఖ్య నాణేలను వేలం పాత ఫొటోల్లో కనీసం యాభై చూసి, జూలు వెంట్రుకలు, జ్యూస్ చేతి వేళ్లు, అక్షరాల ఒంపు కంటికి అలవాటు చేసుకోవడం. ఇది అచ్చం గీటురాయి మీద చెయ్యి తిరిగిన కంసాలి పని. చెప్పి నేర్పేది తక్కువ, చూసి నేర్చేది ఎక్కువ.

ఆరో అడుగు: కొనడం, కాగితాలు, చట్టం

మొదటి కొనుగోళ్లు, నాణెం అసలుది కాదని ఎప్పుడు తేలినా డబ్బు వాపసు ఇస్తామని రాసి ఇచ్చే వ్యాపారుల దగ్గరే చేయండి. వేలంలో పాడిన ధర మీద సంస్థ రుసుము సాధారణంగా 20 శాతం అటూ ఇటూగా కలుస్తుందని, రవాణా, పన్నులు దానికి అదనమని గుర్తుంచుకుని పై హద్దు ముందే కాగితం మీద రాసుకోండి. ప్లాస్టిక్ పెట్టెలో మూసిన నాణేన్ని మీరు తూచలేరు. చీటీ మీద తూకం వేసి ఉంటేనే దాన్ని పరిశీలనకు తీసుకోండి.

నాణెంతో పాటు దాని ఊరూపేరూ కూడా కొనాలి. పాత వేలం జాబితా, పాత సేకర్త చేతిరాత చీటీ, రసీదు ఏది ఉన్నా అడిగి తీసుకోండి. ఇవి లేని నాణెం దొంగతవ్వకాల నుంచి వచ్చిందో కాదో ఎవరూ చెప్పలేరు. తవ్వకం జాడ చెరిగిన నాణెం చరిత్రకు ఎంత నష్టమో మనకు తక్షశిల చెబుతుంది: అక్కడి భిర్ దిబ్బలో 1924లో వెయ్యికి పైగా విద్ధాంక నాణేల (గుర్తులు గుద్దిన ప్రాచీన భారతీయ నాణేల) నడుమ రెండు అలెగ్జాండర్ టెట్రాడ్రాక్మ్‌లు, ఒక అర్రిడయోస్ నాణెం, దాదాపు అరగని స్థితిలో దొరికాయి. ఆ మూడూ విడిగా అంగట్లో దొరికి ఉంటే మామూలు నాణేలు. ఆ కుప్పలో దొరికాయి కాబట్టే విద్ధాంక నాణేల కాలం లెక్కించడానికి ఆధారమయ్యాయి.

అమెరికాలో ఉన్న తెలుగువారు ఒక సంగతి ప్రత్యేకంగా గమనించాలి. గ్రీసుతో కుదిరిన ఒప్పందం ప్రకారం 2011 డిసెంబర్ 1 నుంచి అమలైన దిగుమతి ఆంక్షల జాబితాలో రెండో ఫిలిప్, అలెగ్జాండర్ల నాణేల్లో సుమారు 10 గ్రాముల లోపు చిన్నవి ఉన్నాయి. ఏథెన్స్, ఏజినా, కొరింథ్‌లవి కాక, నేటి గ్రీసు హద్దుల్లోని ఇతర పట్టణాల, రాజ్యాల వెండి అన్ని పరిమాణాల్లోనూ ఉంది. అంటే నేను పైన మెచ్చుకున్న రెండున్నర గ్రాముల నాణెం ఐరోపా నుంచి తెప్పించుకోవాలంటే, అది ఆ తేదీకి ముందే గ్రీసు బయట ఉందని చూపే కాగితం కావాలి. బల్గేరియాతో, టర్కీతో కూడా ఇలాంటి ఒప్పందాలున్నాయి. టర్కీ విహారయాత్రలో శిథిలాల దగ్గర ఎవరైనా నాణెం చూపిస్తే చేతిలోకి కూడా తీసుకోవద్దు: నకిలీదైతే డబ్బు పోతుంది, అసలుదైతే విమానాశ్రయంలో పోలీసు కేసవుతుంది.

భారతదేశంలో ఉన్నవారికి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. నూరేళ్లు దాటిన నాణెం ఏదైనా పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు, దాటిస్తే కనీసం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు. పురావస్తువుల వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. విదేశం నుంచి తెప్పించేటప్పుడు పొట్లం మీద ‘బహుమతి’ అనో ‘లోహపు బిళ్ల’ అనో రాయిస్తామని అమ్మకందారు అంటే ఒప్పుకోవద్దు. అసలు ధర, అసలు వివరణ రాయించి, ఆనాటికి అమల్లో ఉన్న సుంకాన్ని కస్టమ్స్ ఏజెంటుతో ముందే లెక్క వేయించుకోండి. హైదరాబాద్‌కు తెచ్చుకున్న నాణేన్ని రేపు డల్లాస్‌లో ఉన్న కొడుక్కి పంపుదామంటే కుదరదన్నది కొనేటప్పుడే ఆలోచించవలసిన విషయం.

ఏడో అడుగు: దాచడం, రాయడం

మన ఇళ్లలో పండగ ముందు వెండి సామాన్లను విభూతితోనో చింతపండుతోనో తళతళలాడేలా తోమడం అలవాటు. ఈ నాణేల విషయంలో ఆ అలవాటును గడప బయటే ఆపాలి. రెండువేల ఏళ్ల నలుపు నాణేనికి రక్ష. తోమితే గీతలు పడి విలువ సగానికి సగం పడిపోవచ్చు. మా ఇంట్లో నాణేల పెట్టె మీద ‘తోమరాదు’ అని చీటీ అంటించి ఉంది, అది అనుభవం నేర్పిన చీటీ. మట్టి ఉంటే స్వేదనజలంలో నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టడం వరకే మన పని.

పాత వెండి కొన్నిసార్లు లోపల స్ఫటికంలా మారి పెళుసవుతుంది. అలాంటి నాణెం గచ్చు మీద పడితే పలక ముక్కలా విరుగుతుంది. అందుకని ఎప్పుడు చూసినా బల్ల మీద మందపాటి గుడ్డ పరిచి, అంచులు పట్టుకుని చూడండి. మెత్తగా వంగే చౌక ప్లాస్టిక్ సంచుల్లో పీవీసీ ఉంటుంది. కొన్నేళ్లకు నాణెం మీద పచ్చని జిగురు పేరుకుంటుంది. గట్టిగా ఉండే మైలార్ సంచులు వాడండి. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వర్షాకాలంలో నెలకొకసారి మార్చండి.

ప్రతి నాణేనికీ ఒక పుట కేటాయించండి. తూకం, వెడల్పు, ప్రైస్ సంఖ్య, గుర్తు, విశిష్ట సాంద్రత, కొన్న తేదీ, ధర, పాత యజమానుల వివరం రాయండి. బొమ్మను నిటారుగా పట్టుకుని నాణేన్ని నిలువు ఇరుసు మీద తిప్పితే బొరుసు పై భాగం గడియారంలో ఎన్ని గంటల వైపు ఉందో అది కూడా నమోదు చేయండి. అన్నట్టు, డ్రాక్మా అన్న మాటే మన దేశానికి వచ్చి ద్రమ్మమై, దామై, చివరికి మన దమ్మిడీ అయింది. ఆ పుట మీద తెలుగు పేరు రాసుకోవాలనిపిస్తే మొహమాటపడనక్కరలేదు. ప్రతి పుటకూ రెండు వైపుల ఫొటోలతో పాటు అంచు ఫొటో కూడా జత చేసి, నకలు ఒకటి ఇంటి బయట భద్రపరచండి. దొంగతనం జరిగినా, అచ్చుల జతలు పోల్చవలసి వచ్చినా ముందు వెతుక్కునేది దాన్నే.